బొర్రా కొండపల్లెల పెరడు: పందికీ కోడికీ మధ్య ఇన్‌ఫ్లుయెంజా దారులు

అనంతగిరి మండలం బొర్రా చుట్టూ ఉన్న కొండపల్లెల్లో నాటుకోడికి వేరే షెడ్డు ఉండదు. పగలంతా పెరట్లో గింజలూ పురుగులూ ఏరుకుని తిరుగుతుంది, చీకటి పడితే గూటికి చేరుతుంది. పందులను పెంచే ఇళ్లలో అవీ అదే మట్టిని ముట్టెతో కెలుకుతాయి, అదే కుంట నీళ్లు తాగుతాయి. ఇన్‌ఫ్లుయెంజా ఒక జాతి నుంచి మరో జాతికి దాటడానికి ఇంతకన్నా అనువైన చోటు అక్కర్లేదు.

పక్షుల ఒంట్లో పెరిగిన వైరస్ రెట్టతో పాటు బయటికొస్తుంది. ఆ రెట్ట పడిన నీళ్లు ఎంత చల్లగా ఉంటే వైరస్ అంత ఎక్కువ కాలం బతుకుతుంది. అరకు వైపు చలికాలం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ఇక చచ్చిన కోడి పంది నోట పడితే వైరస్‌కు మధ్యలో నీళ్లు కూడా అక్కర్లేదు.

పంది శ్వాసనాళంలో పక్షి వైరస్‌లు అంటుకునే గ్రాహకాలూ, మనిషి వైరస్‌లు అంటుకునే గ్రాహకాలూ ఉన్నాయని 1998లో శాస్త్రవేత్తలు చూపారు. ఈ వైరస్ జన్యుపదార్థం 8 ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో చేరితే ఆ ముక్కలు కలగలిసి కొత్త రకం పుట్టవచ్చు. 2009లో ప్రపంచాన్ని చుట్టేసిన హెచ్1ఎన్1 పందుల్లో ఇలా రూపుదిద్దుకున్నదే. ఆ ఏడాది మే నెలలో మన దేశంలో తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే.

అంతమాత్రాన పందిని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. కౌజుపిట్టలోనూ రెండు రకాల గ్రాహకాలూ ఉన్నాయి. పైగా ఈ రాకపోకలు రెండు వైపులా సాగుతాయి. 1979లో యూరప్‌లో పక్షుల హెచ్1ఎన్1 పందుల్లోకి దిగి అక్కడే స్థిరపడింది. అమెరికాలో టర్కీ కోళ్లకు పందుల నుంచే ఫ్లూ సోకిన సందర్భాలున్నాయి.

బొర్రా పెరటికి అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ అమెరికాలోని ఒరెగాన్‌ది. 2024 అక్టోబరులో అక్కడి ఒక చిన్న పెరటి ఫారంలో కోళ్లకు హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వచ్చింది. కోళ్లూ పందులూ అక్కడ ఒకే నీటిని, ఒకే కొట్టాన్ని, ఒకే పనిముట్లను పంచుకునేవి. అక్కడున్న 5 పందుల్లోనూ వైరస్ కోసం వెతికితే రెండింటిలో దొరికింది. పందుల్లో జబ్బు లక్షణాలేవీ కనిపించలేదు. ఇండొనేషియాలోనూ 2005-07 మధ్య పైకి ఆరోగ్యంగా కనిపించిన పందుల్లో ఇదే హెచ్5ఎన్1 దొరికింది.

పందుల్లో లక్షణాలు కనిపించని ఈ మౌనమే అసలు చిక్కు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది కోళ్లు కుప్పలుగా చచ్చాయి కాబట్టే. భోపాల్‌లోని జంతువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించాక కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చడం, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టడం పద్ధతి. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోవడం ఆ నిఘా ఎంత అవసరమో చెప్పింది.

కొండల్లో పరిస్థితి వేరు. నాలుగు నాటుకోళ్లు చస్తే కొక్కెర తెగులనుకోవడం సహజం. ఆ తెగులూ ఉన్నదే, లక్షణాలూ దగ్గరగానే ఉంటాయి. కాబట్టి గిరిజన రైతును తప్పుపట్టే పని లేదు. పరీక్షే పల్లెకు రావాలి. కోళ్లు చచ్చిన పెరట్లో పంది ఉంటే పశువైద్య సిబ్బంది దాని ముక్కు నుంచి కూడా నమూనా తీయాలి. ఫలితం వచ్చేదాకా ఆ పందిని సంతకు తోలకుండా ఆపాలి, ఆపినందుకు ఆ ఇంటికి పరిహారం ఇవ్వాలి.