పాములాయన గంపలో

శ్రావణ శుద్ధ పంచమి. జడ్చర్ల దాటి లోపలికి మళ్ళిన ఊళ్ళో ఇంకా ఎండ ముదరలేదు. రాత్రి జల్లుకు వీధి మెత్తబడింది. పుట్టకు పాలు పోసి వచ్చిన అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల్ని అరుగుల మీద కూర్చోబెట్టి పాలతో కళ్ళు కడుగుతున్నారు. ఇంతలో వేపచెట్టు కింద బూర మోగింది. పిల్లలు అటు పరుగెత్తారు. మీరూ పదండి.

పాములాయన వెదురు గంప మూత తీశాడు. నాగుపాము వెంటనే లేవలేదు. వేళ్ళతో గంపను రెండుసార్లు తట్టాక బరువుగా పడగ విప్పింది.

“నాగన్న వచ్చిండు తల్లీ, పాలు పొయ్యి.”

“కరుస్తదా?” చెంబు పట్టుకున్నావిడ రెండడుగుల అవతలే ఆగింది.

“కోరలు తీసిన. ఏం జెయ్యడు.”

మీరు మాత్రం కొంచెం వంగి ఆ మూతి చూడండి. పెదవి అంచున సన్నని దారం. రెండు వైపులా కుట్టేసి, మధ్యలో నాలుక బయటికి వచ్చేంత సందు వదిలారు. కుట్టు పడినచోట చర్మం ఉబ్బి తెల్లబారింది. పొద్దున్నుంచి ఇంటింటా చల్లిన కుంకుమ కంటిమీద పేరుకుంది. ఆవిడ పోసిన పాలల్లో అది మూతి ముంచగానే అందరూ చేతులు జోడించారు. పాము పాలు తాగే జీవి కాదు. రోజుల తరబడి చుక్క నీళ్ళివ్వకుండా ఎండబెడితే ఏ తడి తగిలినా మూతి పెడుతుంది. ఆ పాలు దానికి అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే తీస్తాయి. జోడించిన ఆ చేతుల్లోని భక్తి నిజమైనది కాబట్టే ఇది చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది.

“ఏం జెయ్యడు” అన్న మాటనూ నమ్మకండి. పాముకు కోర వెనక మరో కోర తయారవుతూనే ఉంటుంది. పీకిన కొన్ని వారాలకే కొత్తది దిగుతుంది. విషగ్రంథి ఎక్కడికీ పోదు.

రెండో సంచి విప్పేసరికి డిగ్రీ చదివే కుర్రాడొకడు ముందుకు వచ్చాడు. ఎర్రమట్టి రంగు, నున్నని ఒళ్ళు, తలెటో తోకెటో తెలియనంత మొండి తోక. రెండు తలల పాము.

“ఇంట్ల పెట్టుకుంటే కలిసొస్తదంట గదా తాతా?”

తోక చివర చూడండి. రెండు నల్లని మచ్చలు. పుట్టుకతో వచ్చినవి కావు, రెండో తలకు కళ్ళున్నట్టు కనిపించాలని కాల్చి పెట్టినవి. దీనికి విషం లేదు. చేతిలో పెట్టినా సాధారణంగా కరవదు. గుల్ల మన్నులో దూరి ఎలుకల్ని తిని బతుకుతుంది. గుప్తనిధులు చూపిస్తుందని, తూకం పెరిగేకొద్దీ లక్షలు పలుకుతుందని పుట్టించిన కథలే దాని గొంతు నులుముతున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. విషం లేదన్న మినహాయింపేమీ లేదు.

కుర్రాడు ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఎవరో సోఫాలో కూర్చుని మెడలో బాల్ పైథాన్ వేసుకున్నారు. అదీ విషం లేనిదే, పడమటి, మధ్య ఆఫ్రికా దేశాల పాము. అటువంటి విదేశీ జాతిని పెంచేవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

“మొన్న మా పల్లి చేన్ల గిట్లాంటిదే చూసిన. గోనెసంచిలేక పట్టుకురాలే,” అన్నాడు.

అతని బండెక్కండి. చేను ఊరికి దగ్గరే. గట్టు మీద నుంచి అతను వేలు చూపించిన చోట, పల్లి ఆకుల నీడలో లావుపాటి చుట్ట. కొండచిలువ పిల్లేమో అనుకునేలా ఉంది. ఇంకో అడుగు వేయకండి. వీపు మీద గొలుసు పేర్చినట్టు మూడు వరుసల గుండ్రటి మచ్చలు, ఒక్కో మచ్చకూ నల్లటి అంచు. ముక్కోణపు తల, పెద్ద ముక్కు రంధ్రాలు. అంతలో ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. రక్తపింజర. కుర్రాడి మొహంలో నెత్తురు లేదు. సంచి చేతిలో ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ అర్థమైంది. మచ్చలు కలిసిపోయి, తోక మొండిగా ఉండే విషం లేని మరో మన్నుపాము కూడా ఈ చేలల్లోనే తిరుగుతుంది. పరుగులో, మసకలో రెంటినీ పోల్చుకోవడం అలవాటైన కళ్ళకూ కష్టం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు దాదాపు 12 లక్షల మందని అంచనా. ఎక్కువమంది పల్లెల్లోనే.

ముట్టితే మందుంది. 44వ నంబరు రహదారి మీద షాద్‌నగర్ దాటి హైదరాబాద్ వైపు వెళ్తే, పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలోని తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ దాన్ని తయారుచేస్తుంది. గుర్రాలకు విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి నెత్తుట్లో పుట్టిన విరుగుడును శుద్ధి చేసి పొడిగా సీసాల్లో నింపుతారు. మన ఆసుపత్రుల్లో దొరికే సీసా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికే. దొంగచాటుగా దిగుమతైన విషపాము కరిస్తే డాక్టరు చేతిలో దానికి విరుగుడు ఉండదు.

ఈ మందుకు కావలసిన విషంలో అధికభాగం తమిళనాడు నుంచి వస్తుంది. అక్కడ ఇరుళ గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. పాము చర్మాల వ్యాపారం ఆగిపోయాక వాళ్ళకు దొరికిన బతుకుతెరువు అది. వేపచెట్టు కింది పెద్దాయన వేళ్ళకూ ఆ నేర్పుంది. పాము మూతి కుట్టకుండానే కూలి దొరికే పని పాలమూరు పాములోళ్ళకు కూడా సర్కారు చూపించాలి.