పరీక్షలు వాక్యములైన విధము

కంప్యూటరు చేయవలసిన పనిని తెలుపు ఆదేశముల వరుసకు ప్రోగ్రాము అని పేరు. దానిని వ్రాసినవారు ఒకరు, కొన్నియేండ్ల పిదప దిద్దువారు వేరొకరు అగుట సామాన్యము. ఒకచోట దిద్దగా మరియొకచోట చెడవచ్చును. ప్రతిసారి అంతయు చేతితో సరిచూచుట కష్టము గనుక, సరిచూచు పనినికూడ ప్రోగ్రాముగా వ్రాసి యంత్రమునకే అప్పగించిరి. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనువారు జావా భాషకు జేయూనిట్ అను సాధనమును నిర్మించిన పిదప ఈ పద్ధతి బాగుగా వ్యాపించెను.

అయితే ఇందొక చిక్కు కలదు. ఆనాటి జేయూనిట్‌లో ప్రతి పరీక్ష పేరును 'టెస్ట్' అను మాటతోనే ప్రారంభింపవలెను. గ్రంథాలయపు లెక్కలు చూచు ప్రోగ్రాములో 'జరిమానా పరీక్ష' తప్పినదనుకొందము. ఏమి జరుగవలసి యుండెనో, ఏమి జరుగలేదో ఆ పేరువలన తెలియదు.

ఈ చిక్కును గమనించినవారిలో డాన్ నార్త్ ముఖ్యుడు. పరీక్షకు పేరుగా ప్రోగ్రాము ఎట్లు ప్రవర్తింపవలెనో తెలుపు వాక్యమునే పెట్టవలెనని ఆయన సూచించెను. ఈ భావముతో 2003లో జేబిహేవ్ అను సాధనమును ప్రారంభించి, 2006లో ఒక వ్యాసమున తన పద్ధతిని వివరించెను. వాక్యము స్పష్టముగా నున్నచో, పరీక్ష తప్పినపుడు దిద్దువాడు మూడు ప్రశ్నలు వేసికొనగలడు: తాను పొరపాటు చేసెనా? ఆ ప్రవర్తన మరియొక భాగమునకు మారినదా? లేక అదిక అక్కరలేదా?

2005లో రూబీ భాషలో మొదలైన ఆర్‌స్పెక్ ఈ మార్గముననే నడచెను. జావాస్క్రిప్టు భాషకు 2010లో జాస్మిన్, 2011లో మోకా వచ్చినవి. 2014లో ఫేస్‌బుక్ సంస్థ జెస్ట్‌ను అందరికి విడుదల చేసెను. వీనిలో 'డిస్క్రైబ్' అనునది వర్ణింపబడు వస్తువును తెలుపును. 'ఇట్' అనునది దాని ప్రవర్తనను చెప్పును. జాస్మిన్, జెస్ట్‌లలో 'ఎక్స్‌పెక్ట్' అనునది రావలసిన ఫలితమును సరిచూచును. ఈ వర్ణనను ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాయుదురు గనుక అది తెలుగులోనైనను ఉండవచ్చును. డిస్క్రైబ్: 'గ్రంథాలయము'. ఇట్: 'గడువులోపల తెచ్చిన పుస్తకమునకు జరిమానా విధింపదు'. ఎక్స్‌పెక్ట్: జరిమానా సున్నకు సమానము.

ఇచ్చట విద్యార్థులు మరువరాని విషయమొకటి గలదు. ఆ వాక్యపు అర్థము యంత్రమునకు తెలియదు; 'ఎక్స్‌పెక్ట్' చెప్పిన పోలికను మాత్రమే అది చేయును. వాక్యము ఒకటి చెప్పి, పోలిక మరియొకటి చూచినను పరీక్ష నెగ్గినట్లే ప్రకటించును. ఆ రెండును ఏకీభవించునట్లు చూచుట వ్రాయువాని బాధ్యత. ఏకీభవించినవో లేదో కనిపెట్టుటకు చదువువానికి తోడ్పడునది స్పష్టమైన వాక్యమే.