నొట్టుస్వరం

భావనపాడు బడిలో ఏ పిల్లకైనా ‘శ్యామలే మీనాక్షి’ వినిపించండి. ‘ట్వింకిల్ ట్వింకిల్’ అని వెంటనే పట్టేస్తుంది. ముత్తుస్వామి దీక్షితులు దొరల బ్యాండు మేళాల వరసలకు సంస్కృత సాహిత్యం కట్టిన రచనలే ఈ నొట్టుస్వరాలు. అన్నీ శంకరాభరణమే, గమకాల జోలి లేదు. ఇంగ్లీషు ‘నోటు’ తమిళుల నోట నొట్టు అయి, స్వరంతో జతకట్టింది.

వీటిలో ‘జగదీశ గురుగుహ’ వరస స్కాట్లాండు ఫిడేలుగాళ్ల ‘లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్’. గంతులేయించే పాట కాస్తా దేవుడి పాటయింది! మద్రాసు దగ్గరి మణలిలో దీక్షితుల తమ్ముడు బాలుస్వామి యూరోపియను దగ్గర ఫిడేలు నేర్చాడు కదా, ఆ వరసలు ఇంట్లోనూ మోగే ఉంటాయి.

సుబ్బరామ దీక్షితులు 1905లో ఎట్టయపురంలో అచ్చువేసిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో ఈ నొట్టుస్వరాలు స్వరలిపితో ఉన్నాయి. అచ్చయింది తమిళనాట, లిపి మాత్రం తెలుగు.