ఆరు జతల మేజోళ్లు

1988 ఫిబ్రవరి 23. కెనడాలోని కాల్గరీలో వింటర్ ఒలింపిక్స్. మంచు కొండ మీద నిలబెట్టిన టవర్ కొసన, అడ్డంగా బిగించిన కమ్మీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కాళ్లకు అతనికంటే పొడవైన స్కీలు. ఎదురుగా మంచులో చెక్కిన రెండు గాడులు జర్రున కిందికి దిగిపోతున్నాయి. దళసరి కళ్లజోడు, దాని మీద గాగుల్స్. ఊపిరి వదిలినప్పుడల్లా అద్దాలకు ఆవిరి పడుతోంది.

చేతిలో ఊతకర్రల్లేవు. స్కీలకు బ్రేకుల్లేవు. కమ్మీ వదిలాక మధ్యలో మనసు మార్చుకునే వీలు లేదు. పైగా గాలి. ఈ ఒలింపిక్స్‌లో స్కీ జంపింగ్ పోటీలు పదే పదే వాయిదా పడింది ఈ గాలి వల్లే.

అతని పేరు మైకేల్ ఎడ్వర్డ్స్. లోకం ‘ఎడ్డీ ది ఈగిల్’ (గద్ద ఎడ్డీ) అంటోంది. వయసు 24. బతుకుతెరువు తాపీ పని. మిగతా పోటీదారుల్లో చాలామంది బడికి వెళ్లే వయసులోనే ఈ గెంతులు మొదలుపెట్టారు. ఇతను మొదలుపెట్టి రెండేళ్లే అయింది.

*

ఎడ్డీది ఇంగ్లండ్‌లోని చెల్టన్‌హామ్. తండ్రిదీ గోడలకు ప్లాస్టరింగ్ చేసే పనే. 13 ఏళ్లప్పుడు స్కూలు వాళ్లతో వెళ్లి తొలిసారి స్కీయింగ్ చేశాడు. అదే పిచ్చి పట్టుకుంది. ఊరికి దగ్గర్లో మంచు కొండ ఎక్కడిది? ప్లాస్టిక్ పరిచిన కృత్రిమ వాలు మీదే సాధన చేశాడు. కొండ మీంచి వేగంగా దిగే పోటీల్లో బాగానే రాణించాడు కానీ, 1984 ఒలింపిక్స్ జట్టులో చోటు కొద్దిలో తప్పిపోయింది.

ఇంకా గట్టి పోటీల్లో ఆడాలని అమెరికాలోని లేక్ ప్లాసిడ్ వెళ్లాడు. 1932లోనూ, 1980లోనూ వింటర్ ఒలింపిక్స్ జరిగిన ఊరు అది. అక్కడ డబ్బు అయిపోయింది. ఇంటికి తిరిగి వెళ్లాలా అనుకునే వేళ కళ్లెదుట జంపింగ్ టవర్లు కనిపించాయి. ఈ ఆటకు ఖర్చు తక్కువ. అంతకన్నా ముఖ్యం, బ్రిటన్‌లో దీన్ని ఆడేవాడే లేడు. ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున స్కీ జంపింగ్‌కు 1928 తర్వాత ఎవరూ దిగలేదు. అంటే జట్టులో చోటు కోసం ఎవరినీ తోసుకుని వెళ్లక్కర్లేదు!

అది 1986. ఎడ్డీకి 22 ఏళ్లు. జాన్ విస్కోమ్, చక్ బర్గోర్న్ అనే ఇద్దరు శిక్షకులు చేరదీశారు. సామాను బర్గోర్న్‌దే. బూట్లు ఎడ్డీ పాదాలకు మరీ వదులు. ఒక జత మేజోళ్లు తొడిగాడు, చాల్లేదు. ఇంకో జత, మరో జత... అలా ఆరు జతలు వేసుకుంటే గానీ పాదం బూటులో నిలవలేదు.

ఈ ఆట పెద్దయ్యాక నేర్చుకోవడంలో చిక్కేమిటంటే, ఒళ్లు మాట వినదు. కింద నుంచి చూస్తే ర్యాంప్ చివర పైకి లేచి ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. నిజానికి అది కిందికే వాలి ఉంటుంది. పెద్ద గుట్ట మీద గంటకు దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో ఆ అంచుకు చేరినప్పుడు, మనిషి తన తొడల బలంతో పైకి లేవాలి. లేచి, గాలిలోకి ముందుకు పడాలి. స్కీకి బూటు ముందు భాగమే బిగించి ఉంటుంది, మడమ లేస్తుంది. ముక్కు స్కీల మీదికి వంగేంతగా వాలమంటారు. భయం వేసినవాడు వెనక్కి వాలతాడు. అలా వాలితే స్కీల కింద గాలి దూరి మనిషిని తిరగేస్తుంది. అయిదేళ్ల పిల్లలకు ఈ బాధ లేదు, పడితే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. ఎముక విరిగితే పని పోతుందనీ, పని పోతే అద్దె కట్టలేననీ పాతికేళ్లవాడికి తెలుసు.

అయినా జనం బతికి బయటపడుతున్నారంటే కారణం ఆ కొండను మలిచిన తీరే. గెంతినవాడు గాలిలో ఏ వంపున కిందికి వస్తాడో, దిగే వాలునూ అదే వంపున చెక్కుతారు. వంద మీటర్లు ఎగిరినవాడు కూడా మంచుకు నాలుగైదు మీటర్ల ఎత్తులోనే సాగుతాడు. మనిషి పడుతున్నకొద్దీ నేల కూడా తప్పుకుంటూ పోతుంది. అయినా కొత్తవాళ్లను ముందు 10 మీటర్ల బుల్లి గుట్ట ఎక్కిస్తారు. ఎడ్డీ అక్కడ దూకాడు, పడ్డాడు, మళ్లీ ఎక్కాడు. తర్వాత దానికంటే పెద్దది, ఆ తర్వాత ఇంకా పెద్దది.

బరువు 82 కిలోలు. మిగతా పోటీదారుల్లో అందరికంటే బరువైనవాడి కన్నా 9 కిలోలకు పైగా ఎక్కువ. దవడ విరిగితే ఆసుపత్రికి డబ్బుల్లేక దిండు గలీబుతో కట్టుకున్నాడట. హెల్మెట్‌కు పట్టీ బదులు తాడు. ఓసారి గాలిలో ఉండగా ఆ తాడు తెగి, హెల్మెట్ తనకంటే ఎక్కువ దూరం వెళ్లిందని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాడు.

ఒలింపిక్స్‌కు ఎంపికైనట్టు కబురు అందేనాటికి అతను ఫిన్లండ్‌లో తాపీ పని చేసుకుంటున్నాడు. వేరే బసకు డబ్బుల్లేక ఉంటున్నది ఓ మానసిక వైద్యశాలలో!

*

కాల్గరీ విమానాశ్రయంలో పెట్టె పగిలి లోబట్టలన్నీ సామాన్ల బెల్టు మీద ఊరేగాయి. తనకు స్వాగతం చెబుతున్న బ్యానర్ చూసి అటు పరుగెత్తబోయి గాజు తలుపుకు గుద్దుకున్నాడు. నవ్వడానికి జనానికి అంతకంటే ఏం కావాలి?

ఫిబ్రవరి 14న చిన్న కొండ మీద పోటీ. రెండు గెంతులూ 61 మీటర్లే. 58 మందిలో 58వ స్థానం. ఫిన్లండ్ వీరుడు మత్తి నికానెన్ రెండుసార్లూ 89.5 మీటర్లు ఎగిరి స్వర్ణం పట్టుకుపోయాడు.

ఇప్పుడు పెద్ద కొండ. సంకేతం అందింది. ఎడ్డీ కమ్మీ వదిలాడు. గాడుల్లో స్కీలు గరగరమన్నాయి. అంచు వచ్చింది. లేచాడు. మసక అద్దాల వెనక నుంచి ఏం కనిపించిందో గానీ, మంచు తాకేసరికి నిలబడే ఉన్నాడు. 71 మీటర్లు. రెండో గెంతు 67. నికానెన్ తొలి గెంతు 118.5. ఎడ్డీ మళ్లీ ఆఖరివాడే, 55వ స్థానం. జనం కేకలు మాత్రం విజేతకు వచ్చినవాటికి తీసిపోలేదు.

ముగింపు వేడుకలో నిర్వాహక సంఘం అధ్యక్షుడు ఫ్రాంక్ కింగ్, గద్దల్లా ఎగిరినవారూ ఉన్నారంటూ ప్రసంగించగానే స్టేడియం అంతా ఎడ్డీ పేరుతో మోగిపోయింది.

రెండేళ్లకే నియమం మారింది. ఒలింపిక్స్‌కు రావాలంటే అంతర్జాతీయ పోటీల్లో మొదటి 30 శాతంలోనో, మొదటి 50 మందిలోనో, ఏది తక్కువైతే అందులో ఉండాలన్నారు. ఆ నియమానికి ‘ఎడ్డీ ది ఈగిల్’ నియమమని పేరు పడిపోయింది. 1992, 1994, 1998 క్రీడలకు అతను అర్హత సాధించలేకపోయాడు. తర్వాత చదువుకుని న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నాడు. 2016లో అతని కథ సినిమాగా వచ్చింది.

ఆ మరుసటి ఏడాది, 53 ఏళ్ల వయసులో, ఎడ్డీ మళ్లీ కాల్గరీ వెళ్లాడు. అక్కడి క్లబ్‌కు నిధులు పోగుచేయడానికి స్కీలు తగిలించుకుని మళ్లీ గెంతాడు. ఈసారి ఎంచుకున్నది చిన్న గుట్టే.

ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే ర్యాంకు చూపించాలి. బుల్లి గుట్ట ఎక్కడానికి మాత్రం ఈనాటికీ ఎవరివైనా బూట్లు ఎరువు దొరికితే చాలు. వదులైతే మేజోళ్లున్నాయిగా.