రెండు దోమలు, రెండు విధముల పత్రికలు

అన్నోజిగూడనుండి ఉప్పల్ మీదుగా సికిందరాబాదు చేరి, ఇంకను కొంత పడమరకు పోయినచో బేగంపేటలో సర్ రొనాల్డ్ రాస్ పేరుగల పాత భవనము కనబడును. దోమవలన మలేరియా వ్యాపించునని రాస్ 1897 ఆగష్టు 20వ తేదీన కనుగొనెనని విద్యార్థులు జనరంజక పత్రికలలో చదువుచుందురు. ఆ తేదీని ప్రపంచ దోమల దినముగా పాటించుటయు కలదు.

అయితే రాస్ స్వయముగా వ్రాసినదేమి? ఆయన వ్యాసము అదే ఏడు డిసెంబరు 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చుపడెను. మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన, రంగు రేణువులుగల కొన్ని వింత కణములను గూర్చి - ఇదీ దాని శీర్షిక. వ్యాధి వ్యాప్తి మాట అందు లేనేలేదు. చూచినవి రెండే దోమలని శీర్షికలోనే ఒప్పుకొనెను. ఏ వారపత్రిక సంపాదకుడు ఇట్టి శీర్షికకు సమ్మతించును?

లోపలి విషయమును అట్టిదే. హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన మచ్చరెక్కల దోమలను రాస్ కోసి చూచెను. నాలుగవనాడు ఒక దోమ జీర్ణకోశపు గోడలో, మలేరియా క్రిమిలో ఉండునట్టి నల్లని రేణువులతో కణములు కనబడెను. మరునాడు కోసిన దోమలో అవి మరింత పెద్దవై యుండెను. అంతకుముందు కోసిన ఇతర జాతుల దోమలలో ఇట్టివి కనబడలేదు. ఇంతవరకే ఆయన సాక్ష్యము. లండనులో మాన్సను, మరికొందరు నిపుణులు ఆ కణములను సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. వారి అభిప్రాయములును వ్యాసముతోపాటే వెలువడెను.

పరిశోధన పత్రికను గుర్తించుట ఇచ్చటనే. తోటి పరిశోధకుడు సరిచూచి తప్పు పట్టుటకు వీలుగా అందు వ్రాయుదురు. ప్రకటనలు లేకుండుట గుర్తు కాదు. ఆ బ్రిటిష్ పత్రికలోను మందుల ప్రకటనలు ఉండెడివి. జనరంజక పత్రిక ఫలితమును పదిమందికి చేరవేయును. అది తక్కువ పని కాదు. కాని దారిలో ‘కావచ్చును’ అన్నది ‘అయినది’గా మారుచుండును. ఎలుకలపై జరిగిన ప్రయోగము నేటికిని దినపత్రికలో ‘మందు దొరికినది’ అను వార్త యగుట అందుకే.

రాస్ సికిందరాబాదులో చూచినదానికి మిగిలిన భాగము 1898లో కలకత్తాలో దొరకెను. పక్షుల మలేరియా క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుననియు, ఆ దోమ కుట్టిన పక్షికి వ్యాధి సోకుననియు ఆయన చూపెను. మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోయునని ఇటలీలో గ్రాసీయు, ఆయన సహచరులును ఆ ఏటి చివర నిరూపించిరి. 1902లో నోబెల్ బహుమతి మాత్రము రాస్ ఒక్కనికే వచ్చెను.