పట్టు విడుపుల కథ

కుమ్మరి సారెను మనలో చాలమంది చూచియే యుందురు. కుమ్మరి దానిని కర్రతో నాలుగైదు మారులు వడిగా త్రిప్పి, కర్రను ప్రక్కన బెట్టి, మట్టిపై చేయి వేయును. ఆపై కుండ రూపు దాల్చువరకు సారె తనంత తానే తిరుగుచుండును. చేయి ఇచ్చిన బలమును బరువైన చక్రము దాచుకొని, కొంచెము కొంచెముగా తిరిగి ఇచ్చుచున్నదన్నమాట. మోటారుకారు ఇంజనుకు బిగించియుండు ఫ్లైవీలు చేయు పనియు ఇదియే. సిలిండరులో పెట్రోలు మండినప్పుడు ఒక తోపు, పిమ్మట కొంత విరామము, మరల ఒక తోపు. ఈ తోపుల నడుమ ఇంజను ఆగకుండ నడిపించునది ఆ బరువు చక్రమే.

ఇంజను తిరుగుచునే యుండవలెను. కారు మాత్రము ఆగవలసినచోట ఆగవలెను. ఈ రెండింటికి పొత్తు కుదుర్చునది క్లచ్చి. అది ఫ్లైవీలును పట్టుకొన్నచో కారు కదలును, విడిచినచో నిలుచును. పట్టునప్పుడెల్ల కొంత రాపిడి తప్పదు. రాపిడి యున్నచోట అరుగుదల తప్పదు. ఏది అరుగవలెను, అరిగినది ఎక్కడికి పోవును? మోటారు చరిత్ర గ్రంథములు మొదటి ప్రశ్నను విపులముగా చర్చించినవి. రెండవ ప్రశ్నకు జవాబు వేరొకచోట వెదకవలసి యున్నది.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటు కోరిన మూడు చక్రముల బండిలో, నేడు మనమెరిగిన క్లచ్చి లేదు. వట్టిగా తిరుగు కప్పీమీది పట్టీని బండిని లాగు కప్పీమీదికి జరిపినచో బండి కదలెడిది. ఫ్లైవీలు వెనుక భాగమున అడ్డముగా పరుండియుండెడిది. దానిని చేతితో త్రిప్పి ఇంజనును మేలుకొలుపుచుండిరి. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, అట్టి బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు, సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణము చేసెను. దారిలో బ్రేకు దిమ్మలు అరిగిపోగా, ఒక చెప్పులు కుట్టువానిచేత వాటికి తోలు కొట్టించెను.

తరువాతి కార్ల క్లచ్చిలకును తోలే దిక్కైనది. ఫ్లైవీలులోని గరాటువంటి గుంటలోనికి తోలు తొడిగిన దిమ్మ వచ్చి బిగుసుకొనెడిది. తోలు ఎండి బిరుసెక్కినచో కారు ఎగిరి దూకినట్లు కదలును. అప్పుడు దానికి ఆముదము పట్టించెడివారు. నూనె ఎక్కువై జారినచో మట్టిపొడి చల్లెడివారు. ఇంజనుల బలము పెరిగిన కొలది ఆ వేడికి తోలు కమిలిపోసాగెను.

ఇంగ్లండులోని డెర్బీషైరు కొండసీమలో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బండ్ల బ్రేకులకు మెరుగైన దిమ్మలను తయారుచేయ నారంభించెను. 20వ శతాబ్ది తొలి దశకములో ఆయన రాతినారను, అనగా ఆస్‌బెస్టాసును, ఈ పనికి వినియోగించెను. అది నిప్పున కాలదు, నారవలె నేయవచ్చును, చవుక. ఇక మోటారు ప్రపంచము వెనుదిరిగి చూడలేదు.

మేటి పరుగు కార్లలో ఈ క్లచ్చి ఎంత శ్రమకు తాళవలెనో తెలియుటకు, 1964లో తయారీ మొదలైన పోర్షె 911ను చూతము. తొలి నమూనా ఇంజను పరిమాణము 1,991 ఘన సెంటీమీటర్లు. బలము 130 అశ్వశక్తి. అదియును నిమిషమునకు 6,100 చుట్ల వేగమున, అనగా సెకనుకు నూటికి మించి. ఇంజను వెనుక ఇరుసుకు ఆవల, గేరుబాక్సు దానికి ముందు. రెండింటి నడుమ ఫ్లైవీలు, క్లచ్చి. కనుక జానెడు వెడల్పు గల పళ్లెమును మార్చుటకు ఇంజనునే క్రిందికి దింపవలెను. బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు గొట్టములు, కేబుళ్లు ఊడదీసి, జాకీపై ఇంజనును మెల్లగా దించుదురు. ప్రెషరు ప్లేటు బోల్టులను ఒక్కసారిగా కాక, ఎదురెదురుగా కొద్ది కొద్దిగా వదులుచేయుదురు. లేనిచో అది వంకరపోవును. ఫ్లైవీలు ముఖమున నీలి మచ్చలు, సన్నని నెరియలు కనిపించినచో అది వేడికి దెబ్బతిన్నదని గుర్తు. సానపట్టవలెను, లేదా మార్చవలెను.

మార్చునప్పుడు పందెగాండ్రు తేలిక ఫ్లైవీలును కోరుదురు. చక్రపు అంచున ఉన్న లోహము నడుమనున్న దానికంటె ఎంతో ఎక్కువగా ప్రభావము చూపును. దూరము రెట్టింపైనచో ప్రభావము నాలుగింతలు. అంచును చెక్కినచో ఇంజను చప్పున వేగమందుకొనును. కాని బయలుదేరునప్పుడు తరచు ఆగిపోవును, గేర్లు గలగలలాడును. సారె తేలికైనచో కుమ్మరికి కలుగు ఇబ్బందియే ఇది.

ఇక రెండవ ప్రశ్న. పాత పళ్లెమును విప్పినప్పుడు క్లచ్చి గూటినిండ బూడిదరంగు పొడి యుండును. చాలకాలము పనివారు దానిని గాలి గొట్టముతో ఊదివేయుచు వచ్చిరి. అది అరిగిన రాతినార. వేడికి దానిలో చాల భాగము మారిపోయినను, కొన్ని నారలు మిగులును. అవి కంటికి కనిపించనంత సన్ననివి. ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్లు, దశాబ్దములు గడచిన పిమ్మట వ్యాధియై బయటపడును.

ఇది తెలియక జరిగినదా? లూసీ డీన్ అను బ్రిటిషు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు రాతినార ధూళి హానికరమని 1898లోనే ప్రభుత్వ నివేదికలో వ్రాసెను. రాతినార క్లచ్చిలు, బ్రేకులు అప్పటికింకను బజారుకు రాలేదు. హెచ్చరిక ముందు వచ్చినది, సరకు తరువాత వచ్చినది. 1924లో రాతినారను వడకు మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా తన 33వ యేట మరణించెను. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన వైద్యుడు డబ్ల్యు. ఇ. కుక్ తాను కనుగొన్నది వైద్య పత్రికలో ప్రకటించెను. 1931లో బ్రిటను మిల్లులకు నిబంధనలు విధించెను. క్లచ్చి విప్పు మెకానిక్కు ఆ మిల్లు గోడల లోపల లేడు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనులనుండియు రాతినారను త్రవ్వితీసిరి. 1986లో భారత ప్రభుత్వము కొత్త రాతినార గనులకు అనుమతి నిలుపవలసినదని రాష్ట్రములను ఆదేశించెను. 1995లో సుప్రీంకోర్టు రాతినార పనివారి కేసులో, కార్మికుని ఆరోగ్యము అతని ప్రాథమిక హక్కులో భాగమని తీర్పు చెప్పెను. బ్రిటను 1999లో రాతినార వాడుకను నిషేధించెను. ఐరోపా సమాఖ్య దేశములన్నింట 2005 నాటికి నిషేధము అమలైనది. క్లచ్చిలకు ఇతర నారలు వచ్చినవి. వాటితో కార్ల వేగమేమియు తగ్గలేదు.

అయినను ఆ నాటి కార్లు ఇంకను ఉన్నవి. ముచ్చటపడి వాటిని బాగుచేయించువారును ఉన్నారు. అట్టివారికి మేము చెప్పదలచినది ఒక్కటే. పాత క్లచ్చి విప్పునప్పుడు ఆ పొడిని ఊదనీయకుడు, చీపురుతో ఊడ్వనీయకుడు. తడిపి, తడిగుడ్డతో తుడిపించి, ఆ గుడ్డను సంచిలో మూసివేయించుడు. పనివానికి ధూళిని ఆపు సరియైన ముసుగు ఇప్పించుడు. కారు మనది కావచ్చును; కాని దాని ముందు వంగి ఊపిరి పీల్చువాడు వేరొకడు.