రబ్బరు వెనక చెక్క

1952లో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు బొంబాయిలో జరిగాయి. ఆ పోటీల్లో జపాన్ ఆటగాడు హిరోజి సతో దళసరి స్పాంజి అతికించిన బ్యాటుతో దిగి పురుషుల సింగిల్స్ గెలిచాడు. బంతి తగిలినా చప్పుడు లేదు. టకటక విని దెబ్బ బలాన్ని అంచనా కట్టడం అలవాటైన ప్రత్యర్థులకు లెక్క తప్పింది. అప్పటి నుంచి బ్యాటు కథంతా రబ్బరు కథగానే చెలామణీ అవుతోంది. చెక్కకు అన్యాయం జరిగిందనే నేనంటాను.

ఈ ఆట ఇంగ్లండులో, 19వ శతాబ్దం చివర, భోజనాల బల్లల మీద పుట్టింది. తొలినాళ్ల బ్యాట్లలో చాలావాటికి పొడుగాటి పిడి, చట్రానికి డోలులా బిగించిన పలచని తోలు ఉండేవి. 1900 ప్రాంతంలో సెల్యులాయిడ్ బంతి రాగానే తోలు వెనకబడి చెక్క ముందుకొచ్చింది, దాని మీదికి బుడిపెల రబ్బరు చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆ చెక్కను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

సతో గెలుపు రేపిన గొడవ 1959లో ఒక కొలిక్కి వచ్చింది. రబ్బరు, స్పాంజి కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ సమాఖ్య కట్టడి చేసింది. చెక్కకు మాత్రం పరిమాణం, ఆకారం, బరువు ఏదైనా సరే, చదునుగా, వంగకుండా ఉంటే చాలు. జపాన్‌వాళ్లు హినోకి అనే సైప్రస్ జాతి చెక్కను ఒకే పలకగా, దాదాపు సెంటీమీటరు మందంతో కోసి, కలం పట్టు బ్యాట్లు చేశారు. యూరప్‌లో అయిదు పొరల పద్ధతి స్థిరపడింది. లోపల మెత్తటి అయూస్, పైన లింబా. రెండూ ఆఫ్రికా చెట్లే.

హైదరాబాద్ ఆటగాడు మీర్ ఖాసిం అలీ 1969లో అర్జున అవార్డు అందుకునేనాటికి బ్లేడు, అంటే రబ్బరు కింద ఉండే బ్యాటు పలక, ఉత్త చెక్కే. ఆ తర్వాత కార్బన్ నార వచ్చింది. ఇప్పటి నిబంధన ప్రకారం మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి, నార పొర 0.35 మిల్లీమీటర్లు మించకూడదు. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది. 2008లో రబ్బరుకు వేగమిచ్చే జిగురు నిషేధమైంది. 2014లో ప్లాస్టిక్ బంతి వచ్చింది. ప్రతిసారీ ఆట కాస్త నెమ్మదించింది, ఆ లోటు పూడ్చమని ఆటగాళ్లు చెక్కనే అడిగారు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన ఆకుల శ్రీజ తరానికి కార్బన్ మామూలు సంగతి.

మరి ఏది వేగం, ఏది మంచి ఫీల్? బిరుసైన బ్లేడు బంతిని వెంటనే వదిలేస్తుంది. కాస్త వంగే బ్లేడు దాన్ని ఒక్క క్షణం పట్టుకుని వదులుతుంది. బంతిని బాగా తిప్పుతూ లూప్ కొట్టేవారికి ఆ క్షణమే ప్రాణం. కార్బన్ పై పొర కింద ఉంటే మెల్లగా తాకినా బంతి చురుగ్గా పోతుంది. లోపలి దిమ్మను ఆనుకుని ఉంటే మెల్లటి దెబ్బకు చెక్కలాగే పలికి, గట్టిగా కొట్టినప్పుడే బయటపడుతుంది. రబ్బరు అతికించని బ్లేడును వేలితో తట్టి వినండి. సన్నని కీచు స్వరం పలికితే బిరుసు, బొంగురుగా పలికితే మెత్తన. డబ్బా మీది స్పీడు అంకె కంటే నేను ఈ చప్పుడునే నమ్ముతాను. ఆ అంకెలు ఏ కంపెనీ కొలత దానిదే, ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చలేం.

బ్లేడుకు ఊరి వాతావరణంతో కూడా చిక్కే, పుదుచ్చేరినే చూడండి. చెక్క గాలిలోని తేమ పీలుస్తుంది. వైట్ టౌన్ నుంచి ముత్యాలుపేట దాకా సముద్రపు గాలే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పైన ఈశాన్య రుతుపవనాల వానలు. తేమ పట్టిన బ్లేడు బరువెక్కి మొద్దుబారుతుంది. అందుకే రబ్బరు అతికించే ముందు పలచగా వార్నిష్ పూయాలి. రబ్బరు ఊడదీసినప్పుడు చెక్క పీచు లేవకుండా కూడా అదే కాపాడుతుంది. పూత దళసరైతే మాత్రం బ్లేడు బిరుసెక్కి స్వభావమే మారిపోతుంది.

ఒకే మోడల్ బ్లేడ్లు రెండు తూచి చూస్తే అయిదారు గ్రాముల తేడా రావచ్చు. బరువైనది సాధారణంగా వేగం వైపే మొగ్గుతుంది. దుకాణంలో పేరు చెప్పి అడిగేవాళ్లు ఆ పేరున్న బ్లేడ్లు రెండు మూడు తీయించి, తూయించి, ఒక్కొక్కటీ తట్టి చూసి తీసుకోవాలి.